చాటెడు తవుడు

పెంటయ్య పోయిన రోజు గాలిలో వాసన లేదు. ఇంద్రేశంలో పుట్టి పెరిగినవాళ్లకు వాసన లేని గాలి తెలియదు. ఒక పూట కుళ్లిన గుడ్డులా, ఇంకో పూట మాడిన బెల్లంలా అది పటాన్‌చెరు వైపు నుంచి వస్తుంది, దండెం మీది బట్టల్లో దూరుతుంది, అన్నం కుండ మూత తీస్తే అందులోనూ ఉంటుంది. ఆ రోజు పగలు ఎక్కడో పెద్ద ఇనుప తలుపు మూసినట్టు చప్పుడైంది. గూట్లో నిలబెట్టిన ఇత్తడి పళ్లెం జారిపడి, నేల మీద తిరిగి తిరిగి చాలాసేపటికి ఆగింది. ఆ తర్వాత చుట్టుపక్కల కంపెనీలన్నీ జంకి పని ఆపుకున్నాయి. పొద్దు వాలేసరికి గాలి కడిగినట్టయింది. వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న మొగులమ్మ తల ఎత్తి, "ఇయ్యాల గాలి మంచిగుంది, నర్సిగా" అంది. అప్పటికే ఆమె చిన్న కొడుకు మందుల కంపెనీలో, తాను కాపలా కాసే రియాక్టర్ పక్కన కాలిపోయి ఉన్నాడు. ఆ సంగతి ఇంకా ఇంటికి రాలేదు. పెద్ద కొడుకు నర్సింహ కూడా ఆ గాలిని కడుపునిండా పీల్చాడు. వారం దాటినా ఆ ఊపిరి ఇంకా లోపలే ఉండిపోయినట్టుంది. సంగారెడ్డి దవాఖాన వరండాలో బల్ల మీద కూర్చుని, దాన్ని ఎలా వదలాలో తెలియక నర్సింహ గోడకు ఆనుకున్నాడు. పక్కన తల్లి ఉంది. ఆమె కళ్లు ఎదురుగా ఉన్న తలుపు మీద లేవు, ఆవరణలోని వేపచెట్టు మీదా లేవు.

తలుపు వెనక గదిలో హైదరాబాద్ ల్యాబు నుంచి వచ్చిన డాక్టర్ రామలింగేశ్వరరావు గారు ఐసు డబ్బా పెట్టుకుని కూర్చున్నారు. మిగిలిన ఇళ్లవాళ్లు చేయి చాపి, నెత్తురు ఇచ్చి, దూది అదుముకుంటూ వెళ్లిపోయారు. వీళ్ల వంతు కూడా ఒకసారి వచ్చింది. "చనిపోయినాయన మీకేమవుతారమ్మా?" అని ఆయన మర్యాదగానే అడిగారు. "ఏం గాడు" అంది మొగులమ్మ. "మరి?" "పెంట మీద దొరికిండు. సాదిన." డాక్టరు గారు చేతి తొడుగులు తీసేసి నర్సింహను పక్కకు పిలిచారు. "పెంపుడు తల్లి రక్తం మనకి ఉపయోగపడదండీ మాస్టారూ. కన్నతల్లిదో తండ్రిదో కావాలి. లోపల నలుగురున్నారు, నలుగురికీ ముఖాల్లేవు. దేనికీ పోలిక కుదరకపోతే ఆ శరీరాన్ని మున్సిపాలిటీ వాళ్లే దహనం చేసేస్తారు, మీకివ్వరు." తండ్రి సంగప్ప పోయి చాలా ఏళ్లయింది. ఆమె కన్నతల్లే సార్, అనబోయాడు నర్సింహ. "గంటసేపు టైమియ్యండి సార్" అన్నాడు. "మూడింటికి బండి కదలాలండీ. ఐసు కరిగిపోతుంది" అన్నారాయన. ఆ గంటే ఇప్పుడు నడుస్తోంది.

మూడే మాటలు. రుద్రారం హైస్కూల్లో పదో తరగతికి జీవశాస్త్రం చెప్పే మనిషి, బోర్డు మీద సుద్దముక్కతో తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం అని గీత గీసి చూపించే మనిషి, ఈ మూడు మాటలు అనలేకపోయాడు. ఎందుకంటే ఆ ఇంట్లో ఎన్నడూ ఎవరూ అనలేదు. నర్సింహ తర్వాత ముగ్గురు పుట్టి పోయారు. ఒకరు పురిటి మంచం మీదే, ఒకరు పాకుతుండగా, ఒకరు అవ్వా అనడం నేర్చిన పూట. నాలుగోవాడు పుట్టగానే పెద్దవాళ్లు చెప్పినట్టు చేశారు. బిడ్డను చాటలో వేసి, పెరటి పెంటకుప్ప మీద పెట్టారు. మొగులమ్మ పారేసినదానిలాగే వెనక్కి చూడకుండా లోపలికొచ్చింది. పక్కింటి ముత్యమ్మ ఏమీ ఎరగనట్టు అటుగా వచ్చి, "అయ్యో, ఎవ్వరో పిల్లగాన్ని పారేసిపోయిన్రు" అని నాలుగిళ్లకు వినబడేట్టు అరిచి ఎత్తుకుంది. నాలుగిళ్లకు కాదు, వినవలసింది వేరే. ఆ తర్వాత తల్లి పోయి, చాటెడు తవుడు పోసి ఆ బిడ్డను కొనుక్కోవాలి. తవుడుకు కొన్నవాడు, పెంట మీద దొరికినవాడు, ఎవరికీ కానివాడు. అటువంటివాణ్ణి ఎత్తుకుపోయి చావు మాత్రం ఏం చేసుకుంటుంది? ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఉన్న పద్ధతే. బేరం చేస్తారు, బిడ్డను తెచ్చుకుంటారు, పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు మిగులుతుంది, సంగతి మరిచిపోతారు. మొగులమ్మ మాత్రం చాటలో తవుడు పోసుకుని గడప దాకా వచ్చి ఆగిపోయింది. రెండో తరగతి చదివే నర్సింహ పక్కనే నిలబడి చూశాడు. "కొంటే నావోడైతడు" అంది తల్లి, తనలో తాను. "నావోడైతే దానికి తెలుస్తది." తవుడు తీసుకెళ్లి బర్రె తొట్టిలో పోసింది. ముత్యమ్మ నవ్వింది. "ఇయ్యకుంటే మాయె. నా కొడుకే అనుకుంట. నీ కాడ్నే పెరగనీ."

అట్లా పెరిగాడు. అన్నం పెట్టేది ఈమే, తల దువ్వేది ఈమే, జ్వరం వస్తే ఒళ్లో పడుకోబెట్టుకుని తెల్లార్లూ కూర్చునేది ఈమే. కానీ పొద్దున్నే గల్లీలోకి వచ్చి, "ఎవ్వని పిల్లగాడో ఏమో, నా నెత్తిన వడ్డడు" అని గాలికి చెప్పేది. తమ్ముడు అనే మాట నర్సింహ నోటికి అలవాటు కాలేదు. పిల్లగాడు అనేవాడు. బియస్సీ చదివినా, టీచరైనా, స్టాఫ్ రూములో ఎవరైనా అడిగినా, "మా ఇంట్ల పిల్లగాడు, కంపెనీల చేస్తడు" అనేవాడు. పోయినేడు జహీరాబాద్ వైపు నుంచి సంబంధం వచ్చింది. పిల్ల మేనమామ యాదన్న తెల్ల బట్టల్లో వచ్చి, చాయ్ గ్లాసు అందుకుని, మాటవరసకు, "పిల్లగాడు మీ చిన్నకొడుకేనా?" అన్నాడు. "కాడు" అంది మొగులమ్మ, పొయ్యి ఊదుతూ. చాయ్ సగంలో ఆగింది. "మరి కులమేందమ్మా వానిది?" "పెంట మీద దొరికినోనికి కులమెక్కడిది నాయనా." యాదన్న గ్లాసు నేల మీద పెట్టి, చెప్పులు వేసుకుని, బొంబాయి రోడ్డు మీద బస్సు ఎక్కిందాకా వెనక్కి తిరిగి చూడలేదు. లోపలి గదిలో పెంటయ్య దిండు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "అన్నా, నా పెండ్లి గూడ పెంట మీదనే అయితట్టున్నది సూడు." అతని నవ్వు చివర్లో ముక్కులోకి పోయేది. ఆ చప్పుడు ఇప్పుడు వరండా చివర, నీళ్ల కుళాయి దగ్గర వినబడింది. నర్సింహ తల తిప్పాడు. కుళాయిలో నీళ్లు రాక గాలి గురగురమంటోంది.

కాలికి కట్టు కట్టుకున్న మనిషి ఒకడు కుంటుకుంటూ వచ్చి బల్ల దగ్గర ఆగాడు. "జెర జరుగుతవా అవ్వా, కూసుంట" అన్నాడు. "మనిషున్నడు" అంది మొగులమ్మ. అతను తలూపి ముందుకు పోయాడు. అప్పుడు చూశాడు నర్సింహ, తనకూ తల్లికీ నడుమ ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. ఆమె పొద్దున బస్సులో కూడా అట్లాగే కూర్చుంది. ఇంట్లో కూడా, కబురు తెలిసిన నాటి నుంచి, గోడ పక్కన చాప మీద అంత మేర వదిలి పడుకుంటోంది. ఏడవలేదు. ఇంటికి వచ్చిన ఆడవాళ్లు శోకాలు తీస్తుంటే, కాసేపు విని, "ముత్యమ్మ తీస్కపోయినట్టుంది. దానిదే గదా" అంది, అరువు తెచ్చిన రోకలి తిరిగి ఇచ్చేసినట్టు. ముత్యమ్మ చచ్చిపోయి మూడేళ్లు. చివరి రోజుల్లో మంచంలో పడి ఎవరినీ గుర్తుపట్టక, "నా కొడుకేడి, ఇంకా డ్యూటీ దిగలే?" అని పెంటయ్యనే అడిగేదట.

ఆ గదిలో డాక్టరు గారు ఏదో సీసా మూత బిగించిన చప్పుడు. ఒక పన్ను చాలండీ, అన్నారాయన ఇందాక. ఒళ్లంతా పోయినా దవడ పన్ను లోపల గుర్తు మిగిలి ఉంటుంది, ముక్కు చెవులూ తెలియకపోయినా ఎవరి కొడుకో ఆ పన్నుకు తెలుసు. నర్సింహకు కూడా తెలుసు. ఏటా చెప్పే పాఠమే. కంటికి కనిపించనంత కణం, ఆ కణం నడుమ ఇంకా చిన్న ముద్ద, ఆ ముద్దలో చుట్టలు చుట్టుకున్న పోగు, మెలిపెట్టిన తాళ్లనిచ్చెనలాగా. రెండు తాళ్లు, నడుమ మెట్లు. ఎడినిన్ ఎదురుగా థైమిన్, గ్వానిన్ ఎదురుగా సైటోసిన్. ఒక వైపు తెలిస్తే రెండో వైపు చెప్పేయొచ్చు పిల్లలూ, అందుకే ఒక తాడు ఇంకో తాడును మళ్లీ రాసుకోగలదు, తాత ముక్కు మనవడికి వచ్చేది ఇట్లాగే. ఈ పాఠం పెంటయ్యకు కూడా చెప్పాడు, ఒక ఆదివారం గోడ నీడలో. వాడు శ్రద్ధగా విని, మరుసటి వారం పక్క కంపెనీ పారేసిన ఖాళీ క్యాప్సూల్ డొప్పలు సంచినిండా, ప్లాస్టిక్ గొట్టాలు రెండూ తెచ్చాడు. ఎర్ర డొప్పకు పచ్చ డొప్ప, నీలి డొప్పకు తెల్ల డొప్ప జత చేసి, సన్న తీగతో కుట్టి, మెలిపెట్టి, మనిషి ఎత్తు నిచ్చెన చేశాడు. చేస్తూ చేస్తూ తల ఎత్తకుండా అడిగాడు. "ఒక తాడు వోతే రెండోది రాస్తది. రెండూ వోతే ఎవరు రాస్తరన్నా?" నర్సింహ ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో ఇప్పుడు ఎంత తడిమినా దొరకడం లేదు.

దాన్ని స్కూలు ల్యాబులో కిటికీ పక్కన దారంతో వేలాడదీశారు. వానాకాలంలో డొప్పలు మెత్తబడి వేళ్లకు అంటుకునేవి. ఒక పిల్ల లెక్కపెట్టి, సార్, కింద ఒక మెట్టు తప్పుంది, ఎర్రదానికి తెల్లది పెట్టిన్రు, అంది. ఇంటికొచ్చి చెబితే పెంటయ్య నవ్వాడు. "ఉండనీయన్నా. అట్ల తప్పు వడ్డకాన్నే కొత్తది పుడ్తదని నువ్వే అంటివి గదా. గది నేననుకో." దిద్దలేదు. మొన్న సెలవు చీటీ ఇవ్వడానికి బడికి పోయినప్పుడు ల్యాబు తాళం తీశాడు. కిటికీలు మూసే ఉన్నాయి, ఫ్యాను లేదు. నిచ్చెన తిరుగుతోంది. మెల్లగా, ఒక చుట్టు, ఇంకో చుట్టు, కింద తప్పు మెట్టు అతని ముందు నుంచి పోయి, మళ్లీ వచ్చి, మళ్లీ పోయింది. దారం పురి విప్పుకుంటోంది, అంతే, అనుకున్నాడు. ఆగిందాకా చూద్దామని నిలబడ్డాడు. ఆగబోయి, అటు నుంచి ఇటు తిరగడం మొదలుపెట్టింది. తాళం వేసి వచ్చేశాడు. ఇప్పుడు ఈ పగటివేళ, ఖాళీ గదిలో అది తిరుగుతూ ఉంటుందా, చూసేవాళ్లు లేకపోతే ఆగుతుందా?

టక్, టక్, టక్. మోకాలి మీద వేలు కొడుతోంది. పెంటయ్య అలవాటు అది, ఏదైనా ఎదురుచూసేటప్పుడు చిటికెన వేలితో అట్లా కొట్టేవాడు. నర్సింహ కిందికి చూశాడు. వేలు తనదే. లోపలికి వంగిన చిటికెన వేలు. సంగప్పది అట్లాగే ఉండేది, నాగలి మేడి పట్టుకుంటే ఆ ఒక్క వేలు విడిగా నిలబడేది. తండ్రి మట్టిలో కలిశాడు, తమ్ముడు కాలిపోయాడు, వేలు మాత్రం తెల్ల చొక్కా తొడుక్కుని దవాఖానలో కూర్చుంది. దాన్ని ఆపాలని గుప్పిట మూశాడు. మూసిన గుప్పిట పెంటయ్య గుప్పిటలాగే ఉంది. పదేళ్లుగా పిల్లలకు చెబుతున్న మాటే ఇది, తండ్రిది కొడుక్కి వస్తుంది, అన్నదమ్ములు పంచుకుంటారు, అని. ఆ వచ్చేది అడగకుండా వస్తుందని, వచ్చినది మనిషి పోయాక కూడా తన పని తాను చేసుకుంటూ కూర్చుంటుందని, ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. నోటితో ఎంత దాచినా ఒళ్లు దాచలేదు. పాతికేళ్లు ఆ ఇల్లు ఒక అబద్ధాన్ని కాపాడుకుంది, ఆ పాతికేళ్లూ పెంటయ్య చెవి తమ్మె మొగులమ్మ చెవి తమ్మెలాగే పెరుగుతూ వచ్చింది.

ఆదివారం పేపర్లో ఒకసారి చదివాడు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కణాలు కొన్ని తల్లి నెత్తురులోకి జారిపోతాయట. పుట్టాక కూడా పోవట. మగపిల్లల్ని కన్న తల్లుల నెత్తురులో ఇరవై ఏళ్లు దాటాక కూడా ఆ మగ కణాలు దొరికాయట. క్లాసులో చదివి వినిపిస్తే ఆడపిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. ఇప్పుడు పక్కకు చూశాడు. ఎండిన తుమ్మకొమ్మ లాంటి చేయి, దాని మీద పచ్చటి నరం. ఆ నరంలో బహుశా పెంటయ్య తిరుగుతూ ఉన్నాడు. పాకే వయసులో పోయినవాడూ, అవ్వా అనడం నేర్చినవాడూ, పేరు పెట్టకముందే పోయినవాడూ తిరుగుతున్నారు. తనూ ఉన్నాడు, బడి, పాఠం, సుద్దముక్క తెలియని ఇంకో నర్సింహ, ఆ చీకట్లో తమ్ముళ్లతో కలిసి, ఎవరు ఎవరో చెప్పనవసరం లేనిచోట. నర్సింహకు ఒక దారి కనిపించింది. ఈ మాట చెబితే అవ్వ ఒప్పుకుంటుంది.

"అవ్వా, ఒక మాట."

"ఊఁ."

"బిడ్డ కడుపుల ఉన్నప్పుడు వాంది జెరంత తల్లి నెత్తుర్ల కలుస్తదంట. పుట్టినంక గూడ పోదంట. పెద్ద పెద్ద డాక్టర్లు సూసిన్రు. పిల్లగాడు ఇంకా నీ లోపట ఉన్నడు."

మొగులమ్మ నెమ్మదిగా తల తిప్పింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. పొయ్యి మీద పాలున్నాయి చూడు అంటే చూసినట్టు చూసింది.

"గది నాకు ఎర్క లేదా?"

"మరి ఇయ్యవ్వా. సీసెడు గూడ గాదు, ఇంతంత."

"గందుకే ఇయ్య" అంది. "బయట ఉన్నోన్ని కాల్చిన్రు. లోపట దాసుకున్నోన్ని నువ్వు సూదితోని పట్టిస్తనంటవ్. నువ్వు సదువుకున్నోనివేనా?"

రోడ్డు మీద జహీరాబాద్ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. వేపచెట్టు నీడ వరండా మెట్టు ఎక్కింది. డాక్టరు గారు గుమ్మంలోకి వచ్చి చేతి గడియారం చూసుకున్నారు. "ఏమన్నారు మాస్టారూ?" నర్సింహ లేచాడు. తల్లిని అడగలేదు, లోపలికి పోయి కుర్చీలో కూర్చుని చొక్కా చేయి పైకి మడిచాడు. తలుపు తెరిచే ఉంది, బల్ల మీద తల్లి కనబడుతోంది. "అన్నదమ్ముల రక్తంతో గట్టిగా చెప్పలేమండీ, ఎంతో కొంత మాత్రమే తెలుస్తుంది" అన్నారాయన. "తీసుకోండి సార్." ఆయన దూదితో తుడిచి, అలవాటుగా, అందరినీ అడిగినట్టే పైకి అడిగారు. "చనిపోయినాయన మీకేమవుతారు?"

"మా తమ్ముడు" అన్నాడు నర్సింహ.

గొంతు తనది కాదు. మాట చివర ముక్కులోకి పోయింది. డాక్టరు గారికి తేడా తెలియదు, ఆయన నరం వెతుక్కుంటున్నారు. బయట మొగులమ్మ చటుక్కున తిరిగింది. కొడుకు వైపు కాదు. బల్ల మీద తన పక్కన ఉన్న జాగా వైపు. అక్కడ ఎవరైనా లేచి పోతే చూసినట్టు, ఆమె చూపు బల్ల నుంచి మెట్ల దాకా, మెట్ల నుంచి గేటు దాకా పోయింది. చాలాసేపు గేటు దగ్గరే ఉంది. సీసాలోకి నెత్తురు దిగుతోంది, నల్లగా, నురగ లేకుండా. ఆ మాట అనకుండా ఉంటే వాడు ఇంకా ఎక్కడో ఉండేవాడన్నట్టు, ఇప్పుడు తానే చిరునామా చెప్పి పంపించినట్టు నర్సింహకు అనిపించింది. అట్లా ఉండదు అని అతనికి తెలుసు. తెలిసినా అనిపించింది. తల తిప్పి చూసేసరికి తల్లి మెల్లగా జరుగుతోంది. రెండు చేతులూ బల్ల మీద ఆనించి, కొంచెం కొంచెంగా, ఆ ఖాళీలోకి. మొత్తం జరిగి, అక్కడ కూర్చుంది.

"ఆమె కన్నతల్లే సార్" అన్నాడు నర్సింహ, దూది అదుముకుంటూ. ఈసారి గొంతు తనదే.

డాక్టరు గారు గుమ్మం బయటికి చూశారు. "గురువారం మళ్లీ వస్తానండీ. అప్పటిదాకా దహనం ఆపమని నేను రాస్తాను. అంతకు మించి ఆపడం నా చేతిలో లేదు. ఆవిడ తన నోటితో చెప్పి ఇవ్వాలి, మనం బలవంతం చేయలేం" అని డబ్బా మూత వేశారు.

నర్సింహ బయటికి వచ్చి నిలబడ్డాడు. తిడుతుందనుకున్నాడు. మొగులమ్మ అతని మోచేతి దగ్గరి దూది వైపు చూసి, కొంగుతో కళ్లు కాదు, మెడ తుడుచుకుంది.

"అంటివి గదా ఇగ" అంది. "ఇనేటోళ్లు ఇన్నరు."

"అవ్వా."

"ముందుగాల కొననీ. కొన్నంక నా కొడుకంట. అప్పుడు ఎంత గుంజుకుంటరో గుంజుకోనీ."

"ముత్యమ్మ లేదు గదవ్వా."

"దాని కోడలున్నది. పటేల్‌గూడల. పేరు ఆగమ్మ."

గేటు దాటి రోడ్డు మీదికి వచ్చారు. బస్సు వచ్చేసరికి గాలి తిరిగింది. కంది ఊరు దాటాక కిటికీలోంచి వాసన కొట్టింది, మాడిన బెల్లం వాసన. కంపెనీలు మళ్లీ నడుస్తున్నాయి. మొగులమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. ఇద్దరూ సీట్లో దగ్గరగా కూర్చున్నారు, నడుమ జాగా లేదు. ఇంట్లో బర్రె లేదు, తవుడు లేదు, చాట మాత్రం ఉంది. నలుగురిలో పెంటయ్య ఎవరో ఇంకా తేలలేదు. తల్లి నెత్తురు ఇంకా ఇవ్వలేదు. తవుడు ఇంకా ఇవ్వలేదు.